ఫిరంగి తుమ్మడం ఎందుకు మానేసింది

మా షాపులో ఫిరంగి గెలిచిన పోట్లాట ఒకటి ముందుగా చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది మొదలుపెడితే, ఆమె ఏదో మూల కూర్చుని ఏడ్చే మనిషనుకుంటారు. ఆమె ఏడిపించే రకం.

మాది సోఫాలు బాగుచేసే షాపు. ముందు రోడ్డు మీదికి షట్టరు, వెనక పొడుగాటి రేకుల షెడ్డు. షెడ్డులో ఎప్పుడూ కొన్ని సోఫాలు కాళ్ళు పైకెత్తి పడి ఉంటాయి. వాటి పాత గుడ్డ చింపి, లోపల కుళ్ళిన దూది లాగేసి, విరిగిన చెక్క మార్చి, కొత్త పట్టీలు బిగించి, స్పాంజి పరిచి, పైన కవరు తొడిగి పంపుతాం. కవర్లు కుట్టేది నేను. కిటికీ కింద మిషను నాది. నేను చదివింది నాలుగో తరగతి వరకే గానీ, టేపు పట్టకుండా కంటితో చూసి గుడ్డ కోసి, ముడత లేకుండా తొడిగించగలను. ఆ సంగతి ఎవర్నడిగినా చెబుతారు. అడక్కపోతే నేనే చెబుతాను. పట్టీలు బిగించేది ఫిరంగి. సోఫా అడుగున చెక్క చట్రానికి అడ్డంగా, నిలువుగా అల్లే వెడల్పాటి జనపనార పట్టీలవి. కూర్చున్నవాళ్ళ బరువంతా మోసేది అవే. అవి వదులైతే పైన ఎంత ఖరీదైన గుడ్డ తొడిగినా, కూర్చున్నవాడు గోతిలో పడ్డట్టే.

ఒకరోజు బట్టల కొట్టాయన ఇద్దరు మనుషుల చేత సోఫా మోయించుకొచ్చి షట్టరు ముందు దింపించాడు. నెల తిరక్కుండా కుంగిపోయిందని, మీ పట్టీలు నాసిరకమని, మళ్ళీ ఊరికే చేసివ్వాలని వీధంతా వినేలా కేకలు మొదలుపెట్టాడు. మా ఓనరు మెత్తని మనిషి. "చూద్దాం లెండి, చూద్దాం లెండి" అంటూ నీళ్ళు నములుతున్నాడు. ఫిరంగి నోట్లో పెట్టుకున్న మేకులు అరచేతిలోకి తీసుకుని బయటికొచ్చింది.

"దీని మీద ఎవరు కూర్చుంటారు సార్?"

"నేనే కూర్చుంటాను. అయితే ఏం?"

"ఏం లేదు లెండి. పాపం సోఫా."

జనం నవ్వారు. ఆమె సీటు మీది స్పాంజి లాగి పక్కన పెట్టింది. వట్టి పట్టీల మీదికెక్కి ఎగిరి దూకింది. ఒకసారి కాదు, ఆయన ముఖంలో రంగు మారేదాకా దూకింది. పట్టీలు డప్పులా మోగాయే తప్ప కుంగలేదు. "రండి, మీరూ ఎక్కండి, చెయ్యిస్తాను" అంది. ఆయన ఎక్కలేదు. ఫిరంగి దిగొచ్చి ఆ స్పాంజిని రెండు మడతలు చేసి నేల మీద పెట్టి వదిలేసింది. మంచి స్పాంజి అయితే టప్పున విచ్చుకోవాలి. అది మడతలోనే పడి నిద్రపోయింది.

"పాత సోఫాలోది తీసి ఇదే వెయ్యమన్నారు మీరు. వద్దన్నాను. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి నలిగి చచ్చినదాన్ని తెచ్చి నా పట్టీల మీద పడుకోబెట్టి, ఇప్పుడు పట్టీలదే తప్పంటే అవి ఊరుకున్నా నేనూరుకోను."

అంతలో ఆ స్పాంజి దుమ్ము ముక్కులోకి పోయి తుమ్మింది. ఆ తుమ్ముకు బట్టల కొట్టాయన ఒకడుగు వెనక్కేశాడు, కళ్ళజోడు జారింది. కొత్త స్పాంజి వెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తుమ్ము వల్లే ఆమెకు ఫిరంగి అని పేరు. పక్క సందులో మంగలి షాపువాడు గడ్డం గీస్తూ గీస్తూ అది వినగానే కత్తి పైకెత్తి ఆగేవాడట.

ఆ రోజు నుంచి మా ఓనరు ఒక పద్ధతి పెట్టాడు. ఏ సోఫా తయారైనా, తీసుకెళ్ళేవాళ్ళ కళ్ళెదుట, పట్టీలు బిగించిన మనిషే దాని మీద ధబీమని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూపించాలి. చూసినవాళ్ళకు నమ్మకం, మా షాపుకు పేరు. ఫిరంగికి ఆ కూర్చోవడమంటే మహా సరదా. రాణిగారు సింహాసనం ఎక్కినట్టు చేసేది.

అలాంటి మనిషి కొన్నేళ్ళు పోయాక తుమ్మడం మానేసింది.

ముందు గమనించింది నేనే. మిషను మీద పనిచేసేవి చేతులూ కాళ్ళూ. చెవులు ఖాళీయే కదా. దూది దులిపేటప్పుడు ముక్కు నలిచి పట్టుకుని, కాళ్ళు ఒకదానికొకటి మెలేసి, పిల్లి తుమ్మినట్టు తుమ్మేది. తర్వాత ఒక క్షణం కదలకుండా నిలబడేది, ఏదో చప్పుడు వింటున్నట్టు. ఎండకు రేకులు కాలిపోతుంటే మేమంతా గ్లాసుల మీద గ్లాసులు తాగేవాళ్ళం. ఆమె పెదవులు తడుపుకుని ఊరుకునేది. అలాగని పెరట్లో మరుగుదొడ్డి గదికి వెళ్ళడం తగ్గిందా అంటే, ఎక్కువైంది. బరువెత్తే ముందు ఒకసారి, ఎత్తాక ఒకసారి, ఎవరైనా కబుర్లు మొదలుపెట్టే ముందు ఒకసారి. నీళ్ళు తాగని మనిషికి అక్కడ అంత పనేమిటో నాకు అంతుపట్టలేదు. బట్టలు కూడా ముదురు రంగువే వేసుకునేది. కూర్చుని చూపించే పని మాత్రం ఏదో వంక పెట్టి వడ్రంగి మీదికి తోసేసేది.

నాకు తెలియని సంగతి నా కళ్ళ ముందు తిరుగుతుంటే నాకు తిన్నది అరగదు. కడుపుతో ఉందేమో అనుకున్నాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి, కొడుక్కి పెళ్ళయింది, కూతురు ఉద్యోగం చేస్తోంది. ఆ ఊహకు నేనే నవ్వుకున్నాను. షుగరనుకున్నాను. భర్తతో తగవనుకున్నాను. ఆయన లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ, తగవుపడే తీరికేది.

మా వడ్రంగి నోరు ఊరుకోదు. ఒకరోజు రంపం పక్కన పెట్టి మొదలుపెట్టాడు.

"అక్కా, నిన్న ఒకావిడ సోఫా చింపితే లోపల వాళ్ళాయన పళ్ళసెట్టు దొరికింది. తీసుకెళ్ళి ఇచ్చాను. ఏమందో తెలుసా? అక్కడే పెట్టి కుట్టెయ్ నాయనా, అది పోయినప్పట్నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది అంది."

ఫిరంగి పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. గబుక్కున నేల మీద చతికిలబడి, "నీ పని చూసుకో" అంది గట్టిగా. వాడి ముఖం చిన్నబోయింది. ఆమె వెనక గదిలోకి వెళ్ళాక నా దగ్గరకొచ్చి, "నేను తప్పు మాటేమన్నా అన్నానా పెద్దమ్మా?" అన్నాడు. "నీ మాటలన్నీ తప్పుడువే, ఇదొక్కటే కాస్త బాగుంది" అన్నాను. కానీ నాకూ అర్థం కాలేదు. నవ్వుకూ కోపానికీ మధ్య ఆమెకు ఏం తగిలింది?

అది మీగడ రంగు సోఫా దగ్గర బయటపడింది.

ఎవరో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళది. లేత మీగడ రంగు గుడ్డ తెచ్చారు. దాని మీద ఈగ వాలినా మరక కనిపిస్తుంది. చేతులు కడుక్కుని కడుక్కుని కుట్టాను. తీసుకెళ్ళడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆ రోజు వడ్రంగి రాలేదు. ఓనరు "కూర్చుని చూపించమ్మా" అన్నాడు. ఫిరంగి ఇటూ అటూ చూసి, వెళ్ళి కూర్చుంది. లేచింది. "కాస్త గట్టిగా" అన్నాడు ఓనరు నవ్వుతూ. ధబీమని కూర్చుంది. ఆమె ముఖం మారడం నేను చూశాను. లేవకుండా చెయ్యి చాచి, పక్క బల్ల మీదున్న నీళ్ళ చెంబు అందుకుని, తాగబోయినట్టు ఎత్తి, ఒళ్ళోకి వంపేసుకుంది. సీటు తడిసి ముద్దయింది. ఓనరు తల పట్టుకున్నాడు. సోఫా కోసం వచ్చిన ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. "చెయ్యి జారింది, మార్చి ఇస్తాం" అంటూ ఫిరంగి లోపలికి పోయింది.

చెయ్యి జారడం నాకు తెలుసు, కావాలని వంపడమూ నాకు తెలుసు. స్పాంజి షీట్లు దొంతరగా పేర్చిన వెనక గదిలో ఫిరంగిని పట్టుకున్నాను. తలుపుకడ్డంగా నిలబడ్డాను.

"ఏమే, నా కష్టం మీద నీళ్ళు పోశావేం? చెయ్యి జారిందని ఓనరుకి చెప్పుకో. నా కళ్ళింకా పోలేదు."

తడిసిన బట్ట పిండుకుంటూ తల తిప్పుకుంది.

"చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను. నాకు మధ్యాహ్నం అన్నం లేకపోయినా ఫరవాలేదు."

"తడి అక్కడ ముందే ఉంది పెద్దమ్మా" అంది. "నేను పోసింది దాన్ని కప్పడానికి."

నాకు ఒక్క నిమిషం పట్టింది. అర్థమయ్యాక తలుపు వేసి, స్పాంజి దొంతర మీద కూర్చున్నాను. పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. గోడకానుకుని నిలబడే చెప్పింది. తుమ్మినా, దగ్గినా, నవ్వినా, బరువెత్తినా కాస్త జారిపోతుందట. మొదట చుక్క. ఇప్పుడు బట్ట తడిసేంత. ఏళ్ళ నుంచి ఉందట. వాళ్ళమ్మకూ ఉండేదట, ఆడదన్నాక ఇవన్నీ మామూలే అనేదట.

"మామూలే అయితే దాచుకోవడమెందుకు?" అన్నాను.

"నువ్వైతే చెప్పుకుంటావా పెద్దమ్మా?"

"నా సంగతి నువ్వడక్కు."

అసలు బాధ అప్పుడు బయటపెట్టింది. ఊరి మధ్య నాటకాల హాలు ఉంది. దాని కుర్చీలన్నీ కొత్తగా చేసే పని మా షాపుకొచ్చింది. ఓనరుకు మోకాళ్ళు పోయాయి. అక్కడే ఉండి మనుషుల్ని పెట్టుకుని చేయించే మేస్త్రి కావాలి. ఫిరంగిని ఉండమన్నాడు. ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో నాకు తెలుసు. నోటితో అనకపోయినా, ఆ హాలు ముందు నుంచి నడిచేటప్పుడు నడక మారేది.

"వద్దని చెప్పేస్తా" అంది. "హాల్లో అంతమంది ముందు నిలబడి అరవాలి, ఎత్తాలి, దించాలి, కూర్చుని చూపించాలి. ఎక్కడని నీళ్ళు పోసుకుంటూ తిరగను? హాలు పనే కాదు, అసలీ పనే మానేస్తాను. మా చెల్లెలి పుస్తకాల కొట్లో కూర్చుంటాను. అక్కడ అన్నీ కాగితాలే, తేలిక."

అప్పుడు నేను జాలిపడాలి. కానీ నాకు ఒక ప్రశ్న పుట్టింది. పుట్టాక దాన్ని నొక్కిపెట్టడం నా వల్ల కాదు.

"నిద్రలో పోతుందా?"

"లేదు."

"మొన్న ఆ పెద్ద కుర్చీ కోసం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుని మేకులు కొట్టావు. అప్పుడు?"

"చుక్క లేదు. ఎంతసేపైనా ఆపుకోగలను పెద్దమ్మా. అదే కదా విచిత్రం. కడుపు నిండా ఉన్నా ఆగుతుంది. అప్పుడే వెళ్ళొచ్చి తుమ్మినా జారుతుంది."

"అంతసేపు ఆపే తలుపు, ఒక్క తుమ్ముకు ఎందుకు తెరుచుకుంటుంది?"

ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి తిట్టుకుందే తప్ప తనను తాను అలా అడగలేదు. "నీళ్ళు తాగకపోతే తగ్గుతుందనుకున్నా" అంది. "తగ్గిందా?" అన్నాను. "లేదు, మండుతోంది" అంది. "ఓనరుకి ఇప్పుడే ఏమీ చెప్పకు" అని, మర్నాడు పట్టుకుని ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ నిదానస్తురాలు. అన్నీ అడిగింది. ఆపుకోలేక గదికి పరిగెత్తడం ఉందా, పరిగెత్తేలోపు పోతుందా అని అడిగింది. లేదంది ఫిరంగి. పరీక్ష చేసి, దగ్గమని చూసి, "ఇది ఒత్తిడికి జారే రకం" అంది.

"నాకే ఒత్తిడీ లేదు డాక్టరమ్మా. మా ఆయన మంచోడు."

"మనసులో ఒత్తిడి కాదమ్మా, పొట్టలో ఒత్తిడి" అని కాగితం మీద బొమ్మ గీసింది. మూత్రం నిలవుండే సంచి, దాని కింద చిన్న గొట్టం. గొట్టం చుట్టూ ఉంగరంలా బిగించి ఉంచే కండరం. వీటన్నిటి కిందా, ముందు ఎముక నుంచి వెనక ముడ్డిపూస దాకా పరుచుకున్న కండరాల చాప. ఊరికే కూర్చున్నప్పుడు సంచి మీద నొక్కేది ఏదీ లేదు, ఉంగరం సరిపోతుంది. తుమ్మితే పొట్టలో ఉన్నదంతా ఒక్కసారి కిందికి నొక్కుతుంది. సంచిని నొక్కుతుంది, గొట్టాన్ని కూడా నొక్కుతుంది. కింద చాప గట్టిగా ఉంటే గొట్టం దానికేసి నలిగి మూసుకుంటుంది. చాప వదులైతే గొట్టం దానితో పాటే కిందికి జారుతుంది. నలగడానికి ఆధారం ఉండదు. సంచి మీద నొక్కుడు మాత్రం ఉంటుంది. ఇంకేం, బయటికి తోస్తుంది.

ఫిరంగి ఆ బొమ్మను తిప్పి, తలకిందులు చేసి చూసింది.

"అంటే నా పట్టీలు వదులయ్యాయి."

"దాదాపు అంతే. కానీ నీ పట్టీ జనపనార, దానికి ప్రాణం లేదు. వదులైతే మార్చాల్సిందే. ఇది కండరం. వాడితే బలం తెచ్చుకుంటుంది. పైగా పట్టీలొకటే కాదు, ఆ ఉంగరం కూడా కొంత నీరసపడి ఉంటుంది."

ఎందుకు వదులైందని నేను అడిగాను. అది ఒక్క రోజులో, ఒక్క కారణంతో అయ్యేది కాదంది. కాన్పులెలా అయ్యాయని అడిగింది. రెండోది కూతురు, పెద్ద బిడ్డ, చాలాసేపు ముక్కించి చివరికి పరికరం పెట్టి లాగారట. అక్కడ కండరాలూ, వాటికెళ్ళే నరాలూ సాగి ఉంటాయంది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా చట్రాలెత్తడం. దూది దుమ్ముకు ఎడతెగని దగ్గు. నీళ్ళు తాగక మలబద్ధకం, దానికి ముక్కడం. ఇప్పుడు నెలసరి ఆగిపోయే వయసు, ఆ చోట పొరలన్నీ పలచబడతాయి. కాన్పప్పుడు కొంచెం వదులైనదాన్ని ఇవన్నీ కలిసి రోజూ కాస్త కాస్త లాగాయంది. వాళ్ళమ్మకూ ఉండేదంటే ఒంటి తీరు కూడా కొంత కావచ్చంది.

"అయితే తప్పు ఎవరిదీ కాదన్నమాట" అంది ఫిరంగి, పోట్లాటకు మనిషి దొరకనట్టు.

వ్యాయామం చెప్పింది డాక్టరమ్మ. కింది కండరాన్ని బిగించి, కాసేపు పట్టి, వదలాలి, రోజూ, నెలల తరబడి. నీళ్ళు మామూలుగా తాగమంది. అప్పటికీ తగ్గకపోతే లోపల పెట్టుకునే రింగుంది, చిన్న ఆపరేషనుంది, గొట్టం కింద సన్నని పట్టీ వేస్తారంది. ఫిరంగి ముందుకు జరిగింది.

"ఏం పట్టీ? ఎంత వెడల్పు? మేకులెక్కడ కొడతారు?"

"మేకులుండవమ్మా" అంది డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ. "అంత దూరం ఇప్పుడు వద్దు. ముందు వ్యాయామం. వచ్చే వారం నుంచి మా ఫిజియో అమ్మాయి దగ్గరికి వచ్చి సరిగ్గా నేర్చుకో."

"బిగించడం నాకొకరు నేర్పాలా?" అంది బయటికొచ్చాక. ఆ ఫిజియో అమ్మాయి దగ్గరికి పోలేదు.

షాపుకు తిరిగొచ్చాక మేమిద్దరం ఒక తమాషా చేశాం. నాకు బొమ్మ చూస్తే నమ్మకం కుదరదు, చేసి చూడాలి. పెరట్లో కుళాయికి మెత్తని రబ్బరు గొట్టం తగిలించాం. కొత్తగా పట్టీలు బిగించిన చట్రం ఒకటి తెచ్చి, వాటి మీదుగా గొట్టం వేశాం. నీళ్ళు వదిలి, నేను అరచేత్తో గొట్టాన్ని నొక్కాను. టక్కున ఆగాయి. తర్వాత పాత సోఫా ఒకటి, పట్టీలు ఉయ్యాలలా వేలాడుతున్నది, దాని మీద వేశాం. మళ్ళీ నొక్కాను. ఎంత నొక్కితే అంత కిందికి పోయింది. నా చెయ్యి మోచేతి దాకా దిగింది గానీ నీళ్ళు ఆగలేదు. ఫిరంగి నొక్కింది. అప్పుడూ ఆగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నా ప్రశ్నకు జవాబు నా చేతి కిందే ఉంది.

వడ్రంగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సోఫాకి తలంటి పోస్తున్నారా?"

"నీకు కూడా పొయ్యాలి, రా" అని ఫిరంగి గొట్టం వాడి వైపు తిప్పింది.

హాలు పని మొదలవడానికి కొన్ని నెలల టైముంది. "అప్పటికి తేల్చి చెబుతా బాబాయ్" అంది ఓనరుతో. ఏం తేలాలో ఆయనకు తెలియదు. పాపం, జీతం సంగతనుకున్నాడు.

ఆ తర్వాత ఆమె వ్యాయామం చేసిన తీరు చూడాలి. చట్రం ముందు నిలబడి, పళ్ళు బిగబట్టి, ముఖం ఎర్రగా చేసుకుని, మెడ నరాలు తేలేలా బిగించేది. నేను గుడ్డ కోస్తూ చూసి, అబ్బో, ఎంత పట్టుదల అనుకునేదాన్ని. వారాలు గడిచాయి. తగ్గకపోగా ఎక్కువైంది. బిగిస్తున్నప్పుడే జారడం మొదలైంది. ఒకరోజు సుత్తి కింద పెట్టేసి, "ఇక చాలు పెద్దమ్మా. నా వదులు బిగిసే రకం కాదు. సాయంత్రం బాబాయికి చెప్పేస్తాను" అంది.

"చెప్పుకో. ముందు ఆ ఫిజియో అమ్మాయికి కనపడి చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకంటే చేసినకొద్దీ ఎందుకు ఎక్కువైందో నాకు తెలియాలి. నీకోసం కాదు, నా కోసం."

తిట్టుకుంటూనే వచ్చింది. ఫిజియో అమ్మాయి సన్నగా, మా కూతురి కూతురి వయసులో ఉంటుంది. ఫిరంగిని పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, "మీరు రోజూ ఎలా చేస్తారో అలా చెయ్యండి ఆంటీ" అంది. ఫిరంగి ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. ఆ అమ్మాయి వెంటనే ఆపింది.

"ఆంటీ, మీరు ఏం పని చేస్తారు?"

చెప్పింది. పట్టీ ఎలా లాగుతారో చూపించమంది. ఫిరంగి లేచి నిలబడి, లేని చట్రానికి లేని పట్టీ చుట్టి, లాగే చెక్క చేతబట్టి చూపించింది. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి బిగించి, పొట్ట ముందుకు తోసి, ఒంటి బరువంతా చెక్క మీద వేసి కిందికి. అలా లాగితేనే పట్టీ బిగుస్తుంది. ఇరవై ఏళ్ళ పైగా ఆ ఒంటికి బిగించడమంటే అదే.

"అదే చేస్తున్నారు ఆంటీ. బిగించమంటే మీ ఒళ్ళు పట్టీ లాగుతోంది. అది బిగించడం కాదు, లోపలివన్నీ కిందికి తొయ్యడం. ఇన్ని వారాలు ఆ చాప మీద రోజూ ఎక్కి దూకినట్టు."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత అయ్యో అనిపించింది. అంత శ్రద్ధగా చేసి, అంతా తలకిందులుగా చేసింది.

"మరెలా?" అంది ఫిరంగి, చాలా చిన్నగా.

"నలుగురిలో కూర్చున్నారు. గాలి పోయేలా ఉంది. పోనివ్వకూడదు. ఏం చేస్తారు?"

ఫిరంగి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ఆ చోట లోపలికి, పైకి లాగుతారు కదా. ముఖంలో ఏమీ కనిపించదు. పక్కనున్నవాళ్ళకు తెలియకూడదు కదా మరి. ఊపిరి మామూలుగా ఆడాలి. పొట్ట, పిరుదులు, పళ్ళు, వీటికి ఈ పనితో సంబంధం లేదు."

చాలాసేపు పట్టింది. ఊపిరి బిగబట్టకుండా ఆమెకు ఏదీ చేతకావడం లేదు. చివరికి ఒకసారి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంతేనా? ఇంత చిన్నదా?" అంది. అంతే చిన్నదట. ఇంకొన్ని కూడా చెప్పింది ఆ అమ్మాయి: తుమ్ము వస్తోందని తెలియగానే, అది రాకముందే పైకి లాగి పట్టాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తాలి, బిగబట్టి కాదు. ముందుజాగ్రత్తని మాటిమాటికీ గదికి పోవద్దు, సంచికి చెడ్డ అలవాటవుతుంది.

బయటికొచ్చాక ఫిరంగి ఆ మాటే పట్టుకుంది. "చూడు పెద్దమ్మా, ఎంత విచిత్రం. ఒకటే ఒళ్ళు. బయటిది బిగించాలంటే కిందికి తొయ్యాలి, లోపలిది బిగించాలంటే పైకెత్తాలి. నాకు మొదటిది వచ్చు గనకే రెండోది రాలేదు." దారంతా అదే ఆలోచన. ఇంటికెళ్ళే మలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చాం.

తర్వాతి నెలల్లో ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. చేస్తున్నావా అని అడిగితే, "ఇప్పుడే చేస్తున్నా, నీతో మాట్లాడుతూనే" అనేది. పట్టీ లాగే తీరు కూడా మార్చుకుంది, నోరు కాస్త తెరిచి ఊపిరి వదులుతూ. మొదట్లో పట్టీ సరిగ్గా రాక విసుక్కుంది, తర్వాత కుదిరింది. నీళ్ళ కూజా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది దులిపేది, దగ్గూ తగ్గింది. ఒక మధ్యాహ్నం నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే షెడ్డు అదిరింది. సూది జారింది. తల తిప్పి చూస్తే ఫిరంగి చట్రం ముందు నిలబడి, ఏదో చప్పుడు వింటున్నట్టు ఆగి, తర్వాత తల ఊపింది. నేనేమీ అడగలేదు. ఆమె మాత్రం, "చుక్క కంటే ఎక్కువ లేదు" అంది.

పూర్తిగా పోయిందని అనను. జలుబు చేసి వరసగా తుమ్మితే ఇప్పటికీ జారుతుంది. బయటికి వెళితే సంచీలో ఒక గుడ్డ ఉంటుంది. "ముక్కాలు వంతు తగ్గింది, మిగతా పావు నాకు అలవాటే" అంటుంది.

ఓనరుతో హాలు పని ఒప్పుకుంది. ఒప్పుకుంటూ షరతులు పెట్టింది. ఏ చట్రమైనా ఇద్దరు పట్టి ఎత్తాలి. చక్రాల బండి కొనాలి. హాలు వెనకున్న ఆడవాళ్ళ గదికి గడియ పెట్టించాలి, నీళ్ళుండాలి. ఆయన ఒప్పుకుని, "జీతం సంగతి?" అన్నాడు. "అదేం మర్చిపోలేదు బాబాయ్" అంది.

ఆ పనికి కొత్తగా ఇద్దరు అమ్మాయిల్ని తీసుకున్నారు. ఒకామెకు బిడ్డ పుట్టి కొన్ని నెలలే. చలాకీ మనుషులు. తాము ఎంత బలంగలవాళ్ళో మేస్త్రికి చూపించాలని వాళ్ళ తాపత్రయం. మొదటిరోజే బండి పక్కనుండగానే, ఆ బాలెంతరాలు ఊపిరి బిగబట్టి ఒంటిచేత్తో కుర్చీ చట్రం ఎత్తి భుజానికేసుకుంది. రెండోది దాన్ని చూసి ఇంకా పెద్దది ఎత్తింది. ఫిరంగి "దింపండి" అని అరిచింది. దింపారు. ఆమె అటు తిరగ్గానే మళ్ళీ ఎత్తారు.

సాయంత్రం హాల్లో ఆ కుర్చీల వరసల మధ్య నా పక్కనొచ్చి కూర్చుంది. నేను అక్కడే కవర్లు తొడుగుతున్నాను.

"పెద్దమ్మా, వాళ్ళకు నువ్వు చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"అంతా. ఆ చాప సంగతి, ఊపిరి సంగతి, కాన్పు తర్వాత కండరం కోలుకోనివ్వాలని, గొట్టం మీద నొక్కి చూశామే, అది కూడా. నీళ్ళు తాగమను. బిగించడమంటే ఏమిటో, ఏది కాదో చెప్పు. నేను తప్పుగా చేశానని కూడా చెప్పు, ఫరవాలేదు."

"నోరు నీకు లేదా? హాలంతా వినిపించేలా అరుస్తావుగా."

"నేను చెప్పాను పెద్దమ్మా. నేను చెబితే మేస్త్రి హుకుం అవుతుంది. నా ముందు తలూపి, నా వెనక ఎత్తుతారు. నువ్వు మిషను ఆపి కబుర్లలా చెప్పు. అన్నాలు తినేటప్పుడు మొదలుపెట్టు. కబుర్లయితే చివరిదాకా వింటారు. వాళ్ళిళ్ళకెళ్ళి వాళ్ళమ్మలకూ చెబుతారు. మంచి చోట ఆపి, రేపు చెబుతాలే అను. రేపు వాళ్ళే అడుగుతారు."